మోటర్ హోమ్‌లో సుదూర యాత్ర: బయలుదేరే ముందు ఏయే ఏర్పాట్లు చేసుకోవాలి?

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రహదారి పక్కన నిలిపి ఉంచిన ఒక కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు విగతజీవులై కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాహనం లోపలికి చేరడమే మరణాలకు కారణమని దర్యాప్తులో తేలింది. రంగు, వాసన లేని ఆ వాయువు నిద్రలో ఉన్నవారికి హెచ్చరిక ఇవ్వదు.

వాహనమే ఇల్లుగా మారినప్పుడు ఇంటి ప్రమాదాలు, దారి ప్రమాదాలు ఒకే కప్పు కిందికి వస్తాయి. వంటగ్యాస్, విద్యుత్తు, నీరు, మరుగుదొడ్డి, పడక అన్నీ కదిలే వాహనంలోనే ఉంటాయి. అందువల్ల మోటర్ హోమ్ యాత్రకు చేసుకునే సన్నాహం సాధారణ కారు ప్రయాణానికి చేసుకునే సన్నాహం వంటిది కాదు.

భారతదేశంలో ఈ తరహా ప్రయాణానికి సుదీర్ఘ నేపథ్యం ఉంది. బిడారు అన్న మాట, లంబాడీల ఎద్దుల బారులు, వర్తకుల బిడారుల పేరు మీద ఏర్పడిన హైదరాబాద్‌లోని కార్వాన్ ప్రాంతం అందుకు గుర్తులు. వంటవారిని, పాత్రలను, సరుకులను వెంట తీసుకొని బస్సులో కాశీ, బదరీ యాత్రలు చేసే అలవాటు తెలుగు రాష్ట్రాల్లో నేటికీ కనిపిస్తుంది. అయితే పడకలు, వంటగది, స్నానాల గది అమర్చిన వాహనంలో ఒక కుటుంబం వారాల తరబడి తిరగడం ఇటీవల పెరుగుతున్న ధోరణి. నిన్నమొన్నటి వరకు కారవాన్ అనగానే తెలుగువారికి సినిమా చిత్రీకరణ స్థలమే గుర్తుకు వచ్చేది.

హైదరాబాద్ నుంచి 44వ జాతీయ రహదారి మీదుగా శ్రీనగర్‌కు, అక్కడి నుంచి లేహ్‌కు వెళ్లే దారిని ఉదాహరణగా తీసుకొని ఈ సన్నాహాన్ని పరిశీలిద్దాం. ఒక వైపు ప్రయాణమే సుమారు 2,800 కిలోమీటర్లు. మే, జూన్ నెలల్లో నాగ్‌పుర్, ఝాన్సీ, గ్వాలియర్ ప్రాంతాల్లో 45 డిగ్రీల ఎండ, జోజి లా కనుమ దాటాక గడ్డకట్టించే రాత్రులు ఒకే యాత్రలో ఎదురవుతాయి.

ఏ వాహనం దేనికి?

వాడుకలో మూడు పేర్లు కలగాపులగంగా వినిపిస్తాయి. వ్యాన్ లోపలి భాగాన్ని పడక, చిన్న పొయ్యి వంటి వసతులతో తీర్చిదిద్దితే అది క్యాంపర్ వ్యాన్. బస్సు లేదా ట్రక్కు ఛాసిస్ మీద వంటగది, స్నానాల గది, పడకలు, నీటి ట్యాంకులతో నిర్మించినది మోటర్ హోమ్. మరో వాహనం వెనుక తగిలించుకొని లాక్కెళ్లేది ట్రెయిలర్. పాశ్చాత్య దేశాల్లో కారవాన్ అనే మాటను ఎక్కువగా ట్రెయిలర్‌కే వాడతారు. భారతదేశంలో మాత్రం ఈ మూడింటికీ ఆ పేరే స్థిరపడింది.

కొండదారులు, ఇరుకైన పట్టణ వీధులు ఉన్న మార్గాలకు క్యాంపర్ వ్యాన్ అనువైనది. వృద్ధులు, పిల్లలు ఉన్న కుటుంబానికి మోటర్ హోమ్ సౌకర్యంగా ఉంటుంది. కానీ దాని పొడవు, ఎత్తు పెరిగే కొద్దీ వెళ్లగలిగే దారులు తగ్గుతాయి. తొలిసారి ప్రయాణం చేసేవారు కొనుగోలుకు ముందు అద్దె వాహనంతో కొన్ని రోజులు తిరిగి చూడటం మంచిది. వసతి విషయంలో కేరళ ముందడుగు వేసింది. 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించిన ఆ రాష్ట్రంలో 2022 ఫిబ్రవరిలో వాగమన్ వద్ద తొలి కారవాన్ పార్కు ప్రారంభమైంది.

పత్రాలు, లైసెన్సు, బీమా

పాత వ్యాన్‌నో మినీ బస్సునో కొని, స్థానిక వర్క్‌షాపులో పడకలు, పొయ్యి బిగించుకొని బయలుదేరడం చట్టరీత్యా సమస్యలు తెచ్చిపెడుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. అనుమతించిన మార్పులను కూడా రవాణా శాఖ వద్ద నమోదు చేయించాలి. వాహనం సొంత వినియోగానికి నమోదైందా, అద్దెకు తిప్పడానికి నమోదైందా అన్నదాన్ని బట్టి పన్ను, పర్మిట్ నిబంధనలు మారతాయి. అద్దె వాహనమైతే, దాటబోయే ప్రతి రాష్ట్రానికీ దాని పర్మిట్ చెల్లుతుందో లేదో యజమాని నుంచి లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవాలి.

లైసెన్సు విషయంలో స్థూల బరువు కీలకం. 7,500 కిలోలకు మించని వాహనాలు తేలికపాటి మోటారు వాహనాల తరగతిలోకి వస్తాయి. ఈ తరగతి లైసెన్సు ఉన్నవారు ఆ బరువుకు లోబడిన రవాణా వాహనాలను కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. అంతకుమించిన బరువున్న వాహనానికి ఈ తరగతి లైసెన్సు సరిపోదు. చట్టం అనుమతించినంత మాత్రాన నైపుణ్యం వచ్చినట్లు కాదు. కారు మాత్రమే నడిపినవారు పొడవైన వాహనాన్ని వెనుకకు నడపడం, మలుపులో వెనుక భాగం ఎంత పక్కకు తిరుగుతుందో అంచనా వేయడం ఖాళీ మైదానంలో సాధన చేయాలి.

బీమా సంస్థకు వాహనంలో చేసిన మార్పులన్నీ ముందుగా తెలియజేసి పాలసీలో నమోదు చేయించాలి. తెలియజేయని మార్పు ప్రమాదానికి కారణమైతే పరిహారం నిరాకరణకు గురికావచ్చు. రిజిస్ట్రేషన్, బీమా, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రాలను డిజిలాకర్‌లో చూపించవచ్చు గానీ, సిగ్నల్ అందని చోట్ల కాగితపు ప్రతులే ఆదుకుంటాయి. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి జాతీయ రహదారుల టోల్ కేంద్రాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ట్యాగ్ వాహన తరగతికి సరిపోవాలి. కారు కోసం తీసుకున్న ట్యాగ్‌ను మినీ బస్సుకు అంటిస్తే టోల్ కేంద్రం వద్ద వివాదం తప్పదు.

సుదీర్ఘంగా సంచరించేవారికి మరో నిబంధన వర్తిస్తుంది. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, 47వ సెక్షన్ ప్రకారం అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ గుర్తు తీసుకోవాలి.

బరువు లెక్క తప్పితే

మోటర్ హోమ్ ప్రయాణాల్లో ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది బరువు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఖాళీ వాహనం బరువు, అనుమతించిన గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. ఆ రెండింటి మధ్య తేడానే మనుషులు, నీరు, సామాను కోసం మిగిలిన అవకాశం.

నలుగురు ఉన్న కుటుంబాన్ని తీసుకుంటే, మనుషుల బరువు సుమారు 260 కిలోలు. 120 లీటర్ల నీరు అంటే 120 కిలోలు. దుస్తులు, పరుపులకు 80, సరుకులు, పాత్రలకు 60, అదనపు బ్యాటరీలు, గ్యాస్‌కు 60, పనిముట్లు, విడిభాగాలకు 40 కిలోలు వేసుకుంటే మొత్తం 620 కిలోలు అవుతుంది. కంటికి ఏదీ పెద్దగా కనిపించదు. కానీ వాలుదారిలో బ్రేకులు, వేసవి రోడ్డు మీద టైర్లు ఆ భారాన్ని మోయాలి.

కాబట్టి పూర్తిగా సామాను నింపి, అందరూ ఎక్కిన తర్వాత లారీలను తూచే వే బ్రిడ్జి మీద వాహనాన్ని తూయించడం ఉత్తమం. ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా తూయిస్తే భారం ఎటు ఎక్కువైందో తెలుస్తుంది. బరువైన వస్తువులు కింది అరల్లో, రెండు ఇరుసుల మధ్య ఉండాలి. బియ్యం బస్తాను పై అరలో పెడితే అకస్మాత్తుగా బ్రేకు వేసినప్పుడు అది ప్రయాణికుల మీద పడే ప్రమాదం ఉంది.

టైరు అరుగుదలతో పాటు వయసు కూడా చూడాలి. టైరు పక్క భాగంలో ముద్రించిన నాలుగు అంకెలు దాని తయారీ కాలాన్ని చెబుతాయి. 2223 అని ఉంటే 2023వ సంవత్సరం 22వ వారంలో తయారైనట్లు. నెలల తరబడి ఎండలో నిలిపి ఉంచిన మోటర్ హోమ్ టైర్లు అరగకుండానే పగుళ్లు బారతాయి. గాలి ఎంతుందో ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. నాగ్‌పుర్ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం 12 నుంచి 4 గంటల వరకు వాహనానికి, డ్రైవరుకు విశ్రాంతి ఇవ్వడం మేలు.

నీరు, విద్యుత్తు: రోజువారీ పద్దు

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు, ముఖం కడగడం, పాత్రలు తోమడం, మరుగుదొడ్డి అవసరాలకు మరో 10 నుంచి 15 లీటర్లు లెక్కిస్తే, నలుగురికి రోజుకు 60 నుంచి 80 లీటర్లు కావాలి. 120 లీటర్ల ట్యాంకు ఒకటిన్నర నుంచి రెండు రోజులకే సరిపోతుంది. అందువల్ల ప్రతి రెండో రోజు నీరు నింపుకొనే చోటు మార్గ ప్రణాళికలో ఉండాలి. తాగునీటిని ట్యాంకు నీటితో కలపకుండా వేరే క్యాన్లలో ఉంచాలి. నీరు పట్టుకొనే గొట్టాన్ని మరుగుదొడ్డి శుభ్రతకు ఎన్నడూ వాడరాదు.

విద్యుత్తుకూ ఇదే తరహా లెక్క అవసరం. 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 2,400 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో సుమారు 2,000 వాడుకోవచ్చు. చిన్న ఫ్రిజ్‌కు రోజుకు దాదాపు 500, 25 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 400, దీపాలు, ఫోన్లు, నీటి పంపుకు కలిపి 180 వరకు ఖర్చవుతుంది. అంటే బ్యాటరీలో సగం మిగులుతుంది. అదే ఒక టన్ను ఏసీ వేస్తే రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. ఇండక్షన్ పొయ్యి అరగంట వాడినా 1,000 వాట్ అవర్లు పోతాయి. 200 వాట్ల సౌర ఫలకం మంచి ఎండ ఉన్న రోజున 800 వాట్ అవర్ల వరకు ఇవ్వగలదు. మబ్బు పట్టినా, చెట్టు నీడలో నిలిపినా అది బాగా తగ్గుతుంది. రాత్రంతా ఏసీ కావాలనుకునేవారు బయటి విద్యుత్ కనెక్షన్ దొరికే చోటే బస చేయాలి. జనరేటర్‌ మీద ఆధారపడి ఏసీ వేసుకొని నిద్రించడం ఎంత ప్రమాదకరమో వడకర ఘటన చాటింది.

గ్యాస్, మంట, ఊపిరి

వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. లీకయితే నేల వద్ద పేరుకుంటుంది. అందుకే గ్యాస్‌ను పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా అమర్చాలి. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం గాలిలో కలిసిపోతుంది కనుక దాని అలారం పడక వద్ద, ముక్కు ఎత్తులో ఉండాలి. ఈ రెండు పరికరాలూ వేర్వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు.

సిలిండరు అరకు నేల భాగంలో బయటికి తెరుచుకొనే రంధ్రాలు ఉండాలి. వాహనం కదులుతున్నప్పుడు రెగ్యులేటర్ కట్టివేసి ఉంచాలి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన గడువు తేదీని గమనించి, గడువు ముగిస్తే మార్చాలి. నిద్రించేటప్పుడు ఇంజిన్, జనరేటర్ రెండూ ఆపివేయాలి. వాహన తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. ఎత్తైన ప్రదేశాల్లో ఆక్సిజన్ తక్కువ కావడం వల్ల మంట పూర్తిగా మండక ఈ విషవాయువు మరింతగా వెలువడుతుంది. తలనొప్పి, వాంతి, మగతను ఎత్తు ప్రభావమని పొరబడే అవకాశం ఉన్నందున అక్కడ అలారం మరింత అవసరం.

2023 ఆగస్టు 26న తమిళనాడులోని మదురై రైల్వే స్టేషన్ వద్ద నిలిపి ఉన్న పర్యాటక రైలు బోగీలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన గ్యాస్ సిలిండరు వల్ల మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. 2025 అక్టోబరులో కర్నూలు సమీపాన ఇదే 44వ జాతీయ రహదారి మీద ఒక ప్రైవేటు బస్సు దగ్ధమైనప్పుడు నిద్రలో ఉన్న పలువురు బయటపడలేకపోయారు. మోటర్ హోమ్‌కు ప్రధాన ద్వారం కాక మరో మార్గం, లోపలి నుంచి తెరుచుకొనే పెద్ద కిటికీ అయినా, ఉండి తీరాలి. ఒక అగ్నిమాపక సాధనం డ్రైవరు వద్ద, మరొకటి తలుపు పక్కన ఉంచాలి. కిటికీ అద్దం పగలగొట్టే సుత్తి పడకకు చేతికందే దూరంలో ఉండాలి. చీకట్లో రెండో మార్గం నుంచి దిగడం పిల్లలతో సహా అందరూ ఒకసారి అభ్యసించాలి.

దారి: ఎత్తు, ఇరుకు, వేళలు

వాహనం ఎత్తు, వెడల్పు, పొడవు కొలిచి, పైన ఉన్న ఏసీ, సౌర ఫలకాలతో కలిపి వచ్చిన సంఖ్యను స్టీరింగ్ ఎదురుగా కాగితం మీద రాసి అంటించాలి. రైలు పట్టాల కింది వంతెనలు, పట్టణాల్లో వేలాడే తీగలు, బంకుల పైకప్పులు కారు నడిపేవారికి పట్టనివి. మోటర్ హోమ్ నడిపేవారికి అవే అడ్డంకులు. ఫోన్‌లోని మ్యాప్ చూపే దగ్గరి దారి వాహనం ఎత్తును లెక్కలోకి తీసుకోదు.

అడవుల గుండా సాగే దారుల్లో రాత్రి నిషేధాలుంటాయి. కర్ణాటకలోని బందీపుర్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలపై ఆంక్షలు ఉన్నాయి. శ్రీశైలం వెళ్లే నల్లమల అటవీ మార్గాల్లోనూ రాత్రి వేళ గేట్లు మూసివేస్తారు. నాగ్‌పుర్, సివనీల మధ్య 44వ రహదారి పెంచ్ అభయారణ్యం అంచున సాగుతుంది. వన్యప్రాణులు కింది నుంచి దాటేలా అక్కడ ఎత్తైన వంతెనలు నిర్మించారు. అటువంటి చోట్ల వాహనం ఆపి వంట చేసుకోవడం తగదు.

రోజుకు 250 కిలోమీటర్లకు మించకుండా ప్రణాళిక వేసుకుంటే హైదరాబాద్ నుంచి లేహ్‌కు పన్నెండు రోజులు డ్రైవింగ్‌కే పడుతుంది. వారానికి ఒకటిన్నర రోజు విశ్రాంతి, మరమ్మతుల కోసం రెండు రోజులు చేర్చుకుంటే ఒక వైపునకే పదహారు, పదిహేడు రోజులు. వెనుకకు రావలసిన తేదీని ముందే బిగించుకున్నవారు అలసట, వర్షం, కొండచరియలను లెక్కచేయకుండా నడపవలసి వస్తుంది. ఆ ఒత్తిడే అనేక ప్రమాదాలకు మూలం.

శ్రీనగర్ వైపు నుంచే ఎందుకు?

లేహ్‌కు రెండు ప్రధాన మార్గాలు. మనాలీ మీదుగా వెళితే సుమారు 3,080 మీటర్ల ఎత్తున్న కేలాంగ్ నుంచి, 4,200 మీటర్లు దాటిన సర్చూకు ఒకే రోజులో చేరవచ్చు. మోటర్ హోమ్‌లో ఎక్కడైనా పడుకోవచ్చన్న ధీమాతో సర్చూలో రాత్రి ఆగడం చాలామందిని అస్వస్థతకు గురిచేస్తుంది. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగరాదన్నది పర్వత వైద్యుల సాధారణ సూచన.

శ్రీనగర్ మార్గంలో ఎత్తు క్రమంగా పెరుగుతుంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, సోనమార్గ్ సుమారు 2,700, కార్గిల్ దాదాపు అంతే, లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. జోజి లా, ఫోటు లా కనుమలు అంతకంటే ఎత్తైనవే అయినా వాటిని పగటిపూట దాటి దిగువకు చేరవచ్చు. వెళ్లేటప్పుడు శ్రీనగర్ దారి, శరీరం ఎత్తుకు అలవాటు పడ్డాక తిరుగు ప్రయాణంలో మనాలీ దారి ఎంచుకోవడం వివేకవంతం. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కవలసిన అవసరం తప్పింది.

తలనొప్పి, వికారం, నిద్రలేమి ఎత్తు జబ్బు తొలి లక్షణాలు. విశ్రాంతిలో ఉన్నా ఆయాసం రావడం, నడకలో తూలడం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు మందుల కోసం ఎదురుచూడకుండా తక్షణం కిందికి దిగాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు బయలుదేరే ముందు వైద్యుణ్ని సంప్రదించాలి. ఇన్సులిన్‌ను నాగ్‌పుర్ ఎండ నుంచి, లద్దాఖ్ మంచు నుంచి కూడా కాపాడాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

వంటకూ ఎత్తు అడ్డు వస్తుంది. లేహ్‌లో నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది కనుక ప్రెషర్ కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. తీవ్రమైన చలిలో సాధారణ డీజిల్ చిక్కబడుతుంది. లద్దాఖ్ వంటి ప్రాంతాల కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించే శీతాకాలపు డీజిల్‌ను ప్రవేశపెట్టింది. చలికాలం సమీపించాక వెళ్లేవారు దిగువ నుంచి తెచ్చిన డీజిల్‌తో ట్యాంకు నింపుకొని ఉండిపోరాదు. మనాలీ దారిలో టాండీ దాటాక బంకులు చాలా అరుదు కనుక ఇంధనం లెక్క ముందే వేసుకోవాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లతో జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో ఇబ్బందులు ఎదురైన దృష్ట్యా పోస్ట్‌పెయిడ్ సిమ్ వెంట ఉంచుకోవడం యాత్రికుల ఆనవాయితీ. జమ్మూ–శ్రీనగర్ మార్గంలోనూ, జోజి లా వద్దనూ ట్రాఫిక్ పోలీసులు ప్రకటించే వేళలను ప్రతి ఉదయం తెలుసుకోవాలి.

రాత్రి బస: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగరాదు

కారవాన్ పార్కులు దేశంలో ఇంకా కొద్దిచోట్లే ఉన్నాయి. అందువల్ల పెద్ద పెట్రోల్ బంకులు, రహదారి వసతి కేంద్రాలు, దాబాలు, సత్రాల ఆవరణలు, హోటళ్ల పార్కింగ్ స్థలాలే ఆధారం. ఏ చోటైనా యజమాని అనుమతి తీసుకొని, విద్యుత్తుకు, నీటికి తగిన రుసుము చెల్లించడం ఇరువురికీ మంచిది. వెలుతురుండగానే గమ్యం చేరి, అవసరమైతే వాహనాన్ని వెనుకకు తీయకుండా నేరుగా బయటికి నడపగలిగేలా నిలపాలి. బస చేసే చోటు వివరాలను ప్రతి సాయంత్రం ఇంటివారికి తెలియజేయాలి. రహదారి అంచున, భారీ వాహనాలు తిరిగే చోట ఆగి నిద్రించరాదు.

నదీ తీరాలు, వాగుల ఒడ్డులు చూడటానికి ఎంత అందంగా ఉన్నా బసకు పనికిరావు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువన ఉన్న లార్జీ జలాశయం నుంచి విడుదలైన నీటి ఉధృతికి హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అక్కడ వాన లేకపోయినా నీరు వచ్చింది. హిమాలయాల్లో పొడిగా కనిపించే నదీగర్భం సురక్షితమని అర్థం కాదు.

మరుగుదొడ్డి ట్యాంకును ఖాళీ చేయడం మరో బాధ్యత. మురుగుకాలువకు గాని, సెప్టిక్ ట్యాంకుకు గాని అనుసంధానమైన మరుగుదొడ్డిలోనే, యజమాని అనుమతితో ఖాళీ చేయాలి. పొలాల్లో, వాగుల్లో వదిలితే ఆ నీటినే తాగే గ్రామాలకు అది హాని. పాత్రలు కడిగిన నీటిని సైతం జలవనరులకు దూరంగా పారబోయాలి. సమాజం ఈ ప్రయాణికులను ఆదరించాలా, తరిమివేయాలా అన్నది ఇటువంటి ప్రవర్తన మీదే ఆధారపడి ఉంటుంది.

సరిహద్దులు దాటేవారికి

అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపుర్ రాష్ట్రాల్లో ప్రవేశించడానికి ఇతర రాష్ట్రాల పౌరులు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. నేపాల్‌కు భారతీయులకు వీసా అవసరం లేదు. పాస్‌పోర్ట్ లేదా ఓటరు గుర్తింపు కార్డు ఉంచుకోవాలి. వాహనానికి మాత్రం సరిహద్దులోని కస్టమ్స్ కార్యాలయం వద్ద, అక్కడి వాడుకలో భన్సార్ వద్ద, రోజుల లెక్కన రుసుము చెల్లించి అనుమతి పొందాలి. భూటాన్‌లో భారతీయ పర్యాటకులు ఒక్కొక్కరు రాత్రికి 1,200 రూపాయల సుస్థిర అభివృద్ధి రుసుము చెల్లించాలి.

భారతీయ వాహన బీమా సాధారణంగా దేశ సరిహద్దుల వరకే వర్తిస్తుంది. నేపాల్, భూటాన్ వంటి పొరుగు దేశాలకు దాన్ని విస్తరింపజేసే ప్రత్యేక షరతును అదనపు ప్రీమియం చెల్లించి ముందుగానే పాలసీలో చేర్పించుకోవాలి. సరిహద్దు చేరాక గుర్తుకొస్తే ప్రయోజనం ఉండదు.

తొలి పరీక్ష ఇంటికి దగ్గర్లోనే

అన్నీ సమకూరాక, అసలు యాత్రకు కనీసం నెల ముందు, ఇంటికి 100 నుంచి 150 కిలోమీటర్ల దూరంలో రెండు రాత్రుల ప్రయాణం చేయాలి. హైదరాబాద్ వారు నాగార్జునసాగర్ వరకు, విశాఖ వారు అరకు వరకు వెళ్లి రావచ్చు. అక్కడ బయటి కనెక్షన్ లేకుండా, ట్యాంకు నీటితోనే గడపాలి. ఏ అర తలుపు కుదుపుకు తెరుచుకుంటుందో, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో, ఎవరికి ఏ పడక సరిపోదో, ఏ వస్తువు అసలు అవసరమే లేదో ఆ రెండు రాత్రుల్లో తేలిపోతుంది. వీలైతే ఇద్దరు నడపగలగాలి. మరొకరికి కనీసం టైరు మార్చడం, గ్యాస్, విద్యుత్తు కట్టివేయడం తెలిసి ఉండాలి.

ప్రతి ఉదయం కదిలే ముందు చూడవలసిన జాబితా ఒకటి రాసి తలుపు లోపలి వైపు అంటించుకోవాలి. గ్యాస్ కట్టారా, కిటికీలు మూశారా, మెట్టు లోపలికి తీశారా, విద్యుత్ తీగ ఊడదీశారా, అరలు బిగించారా, టైర్లు చూశారా, అందరూ సీటు బెల్టు పెట్టుకున్నారా అన్నవి అందులో ఉండాలి. వాహనం కదులుతుండగా పడక మీద ఎవరూ పడుకోరాదు, వంట చేయరాదు. జాతీయ రహదారుల సహాయానికి 1033, అత్యవసర సేవలకు 112, తెలుగు రాష్ట్రాల్లో అంబులెన్సుకు 108 సంఖ్యలు అదే కాగితం మీద రాసి ఉంచాలి.

దాదాపు రెండు శతాబ్దాల కిందట, 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్, నాగ్‌పుర్, జబల్‌పుర్‌ల మీదుగా కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పెద్ద పరివారంతో సాగిన ఆ యాత్ర విశేషాలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో బస దొరుకుతుంది, నీరు ఎలా ఉంటుంది, అంగళ్లు ఉన్నాయా, దారి ఎటువంటిది అన్న వివరాలను ఆయన తర్వాత వచ్చేవారి కోసం శ్రద్ధగా నమోదు చేశారు. నేటి మోటర్ హోమ్ యాత్రికులు సైతం ప్రతి రాత్రి ఒక పుస్తకంలో బస, నీరు, ఇంధనం, ఖర్చు, వాహనంలో తలెత్తిన లోపం రాసి పెట్టుకుంటే, తిరుగు ప్రయాణంలో వారికే అది పనికొస్తుంది. ఆ తర్వాత అదే దారిన బయలుదేరే మరో కుటుంబానికీ ఉపయోగపడుతుంది.